వాడిన బ్లేడు ఎక్కడ పడేస్తున్నాం?



బ్లేడు లేని ఇల్లు ఉందా? లేదు. మగవాళ్ళు గడ్డం గీసుకోవడానికి వాడతారు. పిల్లలు పెన్సిలు చెక్కుకోవడానికి వాడతారు. మనం జాకెట్టు కుట్టు విప్పడానికి వాడతాం. దారం తెంపడానికి, గోళ్ళు తీసుకోవడానికి కూడా వాడతాం.

వాడాక ఏం చేస్తాం? అది ఎవరూ ఆలోచించరు. బ్లేడు కొనేటప్పుడు మంచిదేనా అని చూస్తాం. పారేసేటప్పుడు మాత్రం ఎక్కడ పడుతుందో చూడం. ఈ పాఠంలో ఆ సంగతే చెప్పుకుందాం.

ముందు ఒక అక్క కథ విందాం. ఇలాంటివి చాలా ఊళ్ళలో జరుగుతూనే ఉంటాయి.

ఒక అక్క కథ

వరి చేలో కలుపు తీస్తున్నారు. పది మంది ఆడకూలీలు. మోకాలి కింద దాకా బురద. వంగి, చేతులు బురదలో పెట్టి కలుపు లాగుతున్నారు.

"అమ్మో!" అని ఒక అక్క చెయ్యి పైకి తీసింది. చూపుడు వేలు తెగింది. రక్తం కారుతోంది. బురదలో వెతికితే సగం బ్లేడు ముక్క దొరికింది.

"ఇంటికి పోయి కట్టు కట్టించుకో వదినా" అంది పక్కనున్న ఆవిడ.

"ఇప్పుడు పోతే పూట కూలి పోదూ?" అంది అక్క. కొంగు చింపి వేలికి చుట్టింది. మళ్ళీ అదే బురదలో చెయ్యి పెట్టింది. సాయంత్రం దాకా పని చేసింది.

రాత్రికి చెయ్యి వాచింది. మర్నాడు జ్వరం వచ్చింది. ఆసుపత్రికి పోయింది. కుట్లు వేశారు. సూది మందు ఇచ్చారు. పది రోజులు బురదలో దిగవద్దన్నారు. ఒక పూట కూలి పోతుందని భయపడితే పది రోజుల కూలి పోయింది.

ఇంట్లో కూర్చున్న అక్కకు ఒక ఆలోచన వచ్చింది. "చేలోకి బ్లేడు ఎట్లా వచ్చింది? అక్కడ ఎవరూ గడ్డం గీసుకోరు కదా!"

అత్తను అడిగింది. అత్త నవ్వింది. "పిచ్చిదానా! ఆ చేనికి పోయిన ఎరువు ఎవరిది? వేసవిలో మన పెంటకుప్పే కదా బండికి ఎత్తి అమ్మాం. మన వాకిలి ఊడ్చిన చెత్తంతా అందులోదే."

అక్క నోట మాట రాలేదు. వాళ్ళాయన గడ్డం గీసుకుని బ్లేడు అరుగు మీద పెడతాడు. పొద్దున్నే చీపురుతో ఊడ్చేది తనే. చేటలో ఎత్తి పెంట మీద పోసేది తనే. ఆ బ్లేడు తన చేతిని కోసిందో, ఇంకొకరి బ్లేడు కోసిందో తెలియదు. కానీ తను పోసిన బ్లేడు ఇంకొక ఆడకూలి చేతికి తగలదని ఏముంది?

బ్లేడు ఎలా వచ్చింది?

పూర్వం గడ్డం గీయడానికి మంగలి కత్తి ఉండేది. దాన్ని తోలు మీద నూరి మళ్ళీ మళ్ళీ వాడేవారు. ఒక కత్తి ఏళ్ళ తరబడి వచ్చేది. పారేసే పని ఉండేది కాదు.

అమెరికాలో కింగ్ క్యాంప్ జిల్లెట్ అనే ఆయన ఉండేవాడు. సీసాల మూతలు అమ్మే కంపెనీలో పని చేసేవాడు. సీసా మూత ఒకసారి తీస్తే పారేయడమే. మళ్ళీ కొత్తది కావాలి. కత్తి కూడా అలాంటిదైతే జనం మళ్ళీ మళ్ళీ కొంటారు కదా అని ఆయనకు తోచింది. పల్చటి ఉక్కు రేకుతో బ్లేడు చేయించాడు. 1903లో అమ్మకానికి పెట్టాడు. ఆ ఏడాది అమ్ముడుపోయినవి 51 రేజర్లు, 168 బ్లేడ్లు మాత్రమే. తరవాత తరవాత లక్షలు, కోట్లు అమ్ముడుపోయాయి. ప్రపంచం అంతా పాకాయి.

అంటే బ్లేడు పుట్టిందే పారేయడానికి. కానీ ఎక్కడ పారేయాలో అప్పుడు ఎవరూ సరిగా చెప్పలేదు. అమెరికాలో చాలా ఇళ్ళలో స్నానాల గది గోడకు ఒక సన్నటి చీలిక పెట్టేవారు. వాడిన బ్లేడు అందులో వేస్తే గోడ లోపల పడిపోయేది. కంటికి కనపడదు కాబట్టి పీడ పోయిందనుకున్నారు. ఇప్పుడు ఆ పాత ఇళ్ళు పడగొడుతుంటే గోడల్లోంచి బ్లేడ్లు రాలుతున్నాయి.

మనం చూర్లో దూర్చడం కూడా అలాంటిదే. కంటికి కనపడకపోతే పోయినట్టు కాదు.

పల్చనిదే, కానీ మొండిది

బ్లేడు ఎంత పల్చగా ఉంటుందో తెలుసా? పది బ్లేడ్లు ఒకదాని మీద ఒకటి పేరిస్తే ఒక్క మిల్లీమీటరు. వంద పేరిస్తే ఒక సెంటీమీటరు. అంటే అర అంగుళం కూడా ఉండదు. ఒక బ్లేడు బరువు ఒక గ్రాము కూడా ఉండదు.

ఇంత చిన్నది కదా, ఎంతకాలం ఉంటుందిలే అనుకోకండి. అరటి తొక్క పారేస్తే కుళ్ళి మట్టిలో కలుస్తుంది. కాగితం నానిపోతుంది. బ్లేడు ఉక్కుది. కుళ్ళదు. ఇప్పుడు వచ్చే బ్లేడ్లు ఎక్కువ భాగం స్టెయిన్‌లెస్ స్టీలువి. అందులో ఇనుముతో పాటు క్రోమియం అనే లోహం కలుపుతారు. అందుకే త్వరగా తుప్పు పట్టదు. బురదలో పడినా పదును చాలా కాలం ఉంటుంది.

గడ్డానికి పనికిరాని బ్లేడు వేలు కోయడానికి పనికొస్తుంది. ఇది మరిచిపోవద్దు.

ఒక లెక్క వేద్దాం

మనకు ఇప్పుడు లెక్కలు వచ్చు కదా! పలక, బలపం తీసుకోండి.

ఒక ఇంట్లో వారానికి ఒక బ్లేడు వాడతారు అనుకుందాం. ఏడాదికి 52 వారాలు. అంటే ఏడాదికి 52 బ్లేడ్లు.

మన ఊళ్ళో 300 ఇళ్ళు ఉన్నాయి అనుకుందాం.
52 ను 300 తో హెచ్చవేయండి.
ఎంత వచ్చింది? 15,600.

ఒక్క ఊరు, ఒక్క ఏడాది, పదిహేను వేల ఆరు వందల బ్లేడ్లు! ఇందులో సెలూను బ్లేడ్లు కలపలేదు. పదేళ్ళ లెక్క మీరే వేసి చూడండి. ఇవన్నీ ఎక్కడికి పోయాయి? ఎక్కడికీ పోలేదు. మన ఊరి మట్టిలోనే ఉన్నాయి.

ఎక్కడెక్కడ పడేస్తున్నాం?

చూర్లో, గోడ పగుల్లో: "ఎప్పుడైనా పనికొస్తుంది" అని దూరుస్తాం. ఇల్లు కప్పేటప్పుడు, గోడ అలికేటప్పుడు అది చేతికి తగులుతుంది. పిల్లలు గోడ గూట్లో చెయ్యి పెడితే వేలు తెగుతుంది.

పెంటకుప్ప మీద: ఎరువుతో పాటు పొలానికి పోతుంది. నాట్లు వేసేది, కలుపు తీసేది ఎక్కువగా ఆడవాళ్ళే. చేతులకు తొడుగు ఉండదు. కాళ్ళకు చెప్పులు ఉండవు.

పొయ్యిలో: "కాలి బూడిద అవుతుందిలే" అనుకుంటాం. అవదు. ఉక్కు కరగాలంటే సుమారు 1,500 డిగ్రీల వేడి కావాలి. మన పొయ్యికి అంత వేడి రాదు. బ్లేడు బూడిదలో అలాగే ఉంటుంది. ఆ బూడిదతోనే అంట్లు తోముతాం. ఇక చెప్పాలా?

మరుగుదొడ్డిలో: ఇది చాలామంది చేసే పని. నీళ్ళు పోస్తే పోయిందనుకుంటారు. గుంటల మరుగుదొడ్డి అయితే బ్లేడు గుంట అడుగున ఉంటుంది. గుంట నిండి, ఎండి, ఎరువు అయ్యాక తవ్వి తీస్తారు. అప్పుడు తవ్వేవాళ్ళ చెయ్యి తెగుతుంది.

మురుగు కాలవలో: కాలవ పూడిక తీసేది పారిశుధ్య కార్మికులు. వాళ్ళూ మనలాంటి మనుషులే. వాళ్ళకూ పిల్లలున్నారు.

చెత్త బండిలో: బ్లేడును విడిగా చెత్తలో వేస్తే, చెత్త వేరు చేసే అక్క చేతికి తగులుతుంది. పట్నాల్లో చెత్త కుప్పల మీద కాగితాలు, ప్లాస్టిక్కు ఏరుకుని బతికే ఆడవాళ్ళు, పిల్లలు ఉన్నారు. వాళ్ళు ఉత్త చేతులతోనే ఏరతారు.

పశువులు నోరు లేనివి

ఆవు, గేదె మేసేటప్పుడు బాగా నమలవు. గబగబా మింగేస్తాయి. తరవాత తీరిగ్గా నెమరు వేస్తాయి. నోట్లో ఇనుప ముక్క ఉన్నా వాటికి తెలియదు. గడ్డితో పాటు మేకు, తీగ, బ్లేడు ముక్క కడుపులోకి పోతాయి.

అక్కడ అవి పొట్ట గోడకు గుచ్చుకుంటాయి. పశువు గుండె ఆ పొట్ట గదికి దగ్గరగానే ఉంటుంది. పదునైన ముక్క పొట్టను దాటి గుండెకు కూడా గుచ్చుకోవచ్చు. అప్పుడు పశువు బతకడం కష్టం.

దీని గుర్తులు ఇవి. మేత మానేస్తుంది. పాలు ఒక్కసారిగా తగ్గుతాయి. వీపు పైకి వంచి నిలబడుతుంది. నడవడానికి, పల్లం దిగడానికి ఇష్టపడదు. ముందు కాళ్ళ మధ్య గంగడోలు దగ్గర వాపు రావచ్చు. ఇలా ఉంటే దిష్టి తగిలిందని కూర్చోవద్దు. వెంటనే పశువుల డాక్టరుకు చూపించండి.

అప్పు చేసి కొన్న గేదె. సంఘంలో కిస్తీ కడుతున్నాం. కుడితి తొట్టి పక్కన పడేసిన ఇనుప ముక్క ఆ గేదె ప్రాణం తీయవచ్చు.

బ్లేడు తెగితే ఏం చేయాలి?

1. శుభ్రమైన నీళ్ళు ధారగా పోసి, సబ్బుతో గాయం కడగాలి.
2. శుభ్రమైన గుడ్డ పెట్టి గట్టిగా నొక్కి పట్టుకోవాలి. పది నిమిషాలు తీసి చూడకూడదు. చెయ్యి పైకి ఎత్తి ఉంచాలి.
3. రక్తం ఆగకపోయినా, గాయం లోతుగా ఉన్నా, వేలు తిమ్మిరిగా ఉన్నా, వంగకపోయినా వెంటనే ఆసుపత్రికి పోవాలి.
4. ధనుర్వాతం రాకుండా టీకా వేయించుకోవాలా అని డాక్టరును గానీ, ఏ.ఎన్.ఎం.ను గానీ అడగాలి. పోయినసారి టీకా ఎప్పుడు వేయించుకున్నారో చెప్పాలి.

గాయానికి సున్నం, కాఫీ పొడి, బూడిద, పేడ పెట్టకూడదు. పేడ అసలే కూడదు. ఎందుకంటారా?

ధనుర్వాతం క్రిములు మట్టిలో, పశువుల పేడలో ఉంటాయి. "తుప్పు పట్టిన బ్లేడు తెగితేనే ధనుర్వాతం వస్తుంది" అని అంటారు. అది సగం నిజమే. జబ్బు తెచ్చేది తుప్పు కాదు, క్రిమి. బ్లేడు తళతళ మెరుస్తున్నా, మట్టి అంటితే చాలు. గాయం చిన్నదైనా సరే, క్రిమి లోపలికి పోవచ్చు.

ధనుర్వాతం వస్తే దవడలు బిగుసుకుపోతాయి. నోరు తెరవలేరు. మెడ, వీపు కొయ్యబారి విల్లులా వంగుతాయి. విల్లు అంటే ధనుస్సు. అందుకే ఆ పేరు. మామూలుగా దెబ్బ తగిలిన మూడు రోజుల నుంచి మూడు వారాల లోపు ఈ గుర్తులు కనిపిస్తాయి. ప్రాణానికే ముప్పు. టీకా ముందే వేయించుకుంటే ఈ భయం ఉండదు. ఇదివరకు టి.టి. అనేవారు. ఇప్పుడు దాని బదులు టి.డి. టీకా వచ్చింది. అది ధనుర్వాతంతో పాటు కంఠవాతం రాకుండా కూడా కాపాడుతుంది. గర్భిణులకు, పదేళ్ళ పిల్లలకు, పదహారేళ్ళ పిల్లలకు ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగా వేస్తారు.

పిల్లవాడు బ్లేడు ముక్క మింగితే అరటిపండు పెట్టవద్దు. అన్నం ముద్ద మింగించవద్దు. వేలు పెట్టి వాంతి చేయించవద్దు. ఏమీ పెట్టకుండా వెంటనే పెద్దాసుపత్రికి తీసుకుపోండి.

ఒకరి బ్లేడు ఒకరు వాడవద్దు

బ్లేడుకు అంటిన రక్తం కంటికి కనపడకపోవచ్చు. కానీ దానితో జబ్బులు రావచ్చు. కామెర్లు తెచ్చే హెపటైటిస్ బి అనే క్రిమి ఒంటి బయట కూడా ఏడు రోజుల దాకా బతికి ఉండగలదు. హెపటైటిస్ సి, ఎయిడ్స్ తెచ్చే హెచ్.ఐ.వి. కూడా రక్తం ద్వారా వచ్చేవే. అందుకే అన్నదమ్ములైనా సరే, ఎవరి బ్లేడు వారిదే.

వేరేవాళ్ళు వాడిన బ్లేడు తెగిందా? గాయం కడిగి ఆ రోజే డాక్టరు దగ్గరకు పోండి. జరిగింది జరిగినట్టు చెప్పండి. సిగ్గు పడవద్దు. అవసరమైతే హెచ్.ఐ.వి. రాకుండా మందులు ఇస్తారు. ఆ మందులు 72 గంటల లోపే మొదలుపెట్టాలి. ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది.

మీ ఆయన, మీ అబ్బాయి సెలూనుకు పోతారు కదా. "కళ్ళ ముందు కొత్త బ్లేడు విప్పి వేయమని అడగండి" అని చెప్పండి. పుట్టు వెంట్రుకలు తీయించేటప్పుడు కూడా కొత్త బ్లేడే వాడాలి. తలనీలాలు ఇచ్చే చోట కూడా ఒక్కొక్కరికి వేరే బ్లేడు వాడాలి.

బిడ్డ పుట్టినప్పుడు బొడ్డు కోసే సంగతి మన తల్లులకు, అమ్మమ్మలకు బాగా తెలుసు. ఒకప్పుడు కొడవలితో కోసేవారు. చూర్లో దూర్చిన పాత బ్లేడుతో కోసేవారు. ఆ మురికి వల్ల పురిటి బిడ్డలకు ధనుర్వాతం వచ్చేది. కొద్ది రోజులకే పాలు తాగడం మానేసి చనిపోయేవారు. "ఏదో సోకింది" అని ఏడ్చి ఊరుకునేవారు.

తరవాత మంత్రసానులకు ఐదు శుభ్రతలు నేర్పారు. శుభ్రమైన చేతులు, శుభ్రమైన చోటు, కొత్త బ్లేడు, శుభ్రమైన దారం, బొడ్డుకు ఏమీ పూయకపోవడం. తల్లులకు టీకాలు వేశారు. కాన్పులు ఆసుపత్రుల్లో చేయడం పెరిగింది. 2015లో మన దేశం తల్లులకు, పురిటి బిడ్డలకు వచ్చే ధనుర్వాతాన్ని అదుపు చేసిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తించింది. అంటే ప్రతి జిల్లాలోనూ బతికి పుట్టిన వెయ్యి మంది బిడ్డలలో ఒక్కరి కంటే తక్కువ మందికే ఆ జబ్బు వచ్చే స్థాయికి తగ్గించారు. చూడండి, ఒక కొత్త బ్లేడు ఎంత పని చేసిందో! అదే బ్లేడు పాతబడితే ఎంత హాని చేస్తుందో!

బ్లేడు డబ్బా తయారు చేద్దాం

ఆసుపత్రిలో వాడిన సూదులు, బ్లేడ్లు మామూలు చెత్తలో వేయకూడదు. సూది గుచ్చినా చిల్లి పడని తెల్లని డబ్బాలో వేయాలి. 2016లో వచ్చిన ఆసుపత్రి చెత్త నిబంధనలు ఈ మాట చెప్పాయి. ఆ పద్ధతే మన ఇంటికీ మంచిది. దీనికి ఖర్చు లేదు.

కావలసినవి: ఇనుప రేకు మూత ఉన్న ఖాళీ డబ్బా ఒకటి. పాలపొడి డబ్బా లాంటిది చాలు. ఒక ఉలి, ఒక సుత్తి, కొంచెం కట్టుడు తీగ.

చేసే పద్ధతి:

1. డబ్బా కడిగి బాగా ఎండబెట్టండి.
2. మూతను చెక్క మీద పెట్టండి. మూత మధ్యలో ఉలి పెట్టి సుత్తితో కొట్టండి. ఒక అంగుళం కన్నా కొంచెం పొడుగు, రూపాయి బిళ్ళ మందం చీలిక పడాలి. బ్లేడు వెడల్పు అంగుళం కన్నా తక్కువ. కాబట్టి నిలువుగా లోపలికి జారిపోతుంది. పిల్లల వేలు మాత్రం దూరదు. ఈ పని పెద్దవాళ్ళే చేయాలి. చేత కాకపోతే వడ్రంగిని అడగండి.
3. చీలిక అంచులు లోపలి వైపుకు వంగి ఉండాలి. పైన చెయ్యి తగిలినా కోసుకోకూడదు.
4. మూత పెట్టి, తీగతో డబ్బాకు గట్టిగా బిగించండి. ఇక మూత తీయకూడదు.
5. డబ్బా మీద మీ చేత్తో రాయండి: "బ్లేడ్లు. తెరవవద్దు." చదవడం రానివాళ్ళకు తెలిసేలా ఎర్ర రంగు గీత కూడా పెట్టండి.
6. పిల్లలకు అందని ఎత్తులో పెట్టండి. గడ్డం గీసుకునే చోటికి దగ్గరగా ఉంటే మంచిది. దూరంగా ఉంటే మగవాళ్ళు లేచి వేయరు, మళ్ళీ అరుగు మీదే పెడతారు!

ఇనుప డబ్బా దొరకకపోతే మందమైన ప్లాస్టిక్ సీసా అయినా పనికొస్తుంది. మూత బిగించి ఉంచాలి. పల్చటి ప్లాస్టిక్ సంచి, అట్టపెట్టె పనికిరావు. బ్లేడు వాటిని కోసుకుని బయటికి వస్తుంది.

బ్లేడును సగానికి విరిచి వేయవద్దు. విరిచేటప్పుడు ముక్క ఎగిరి కంట్లో పడవచ్చు. తడి తుడవాలని బ్లేడు అంచు మీద గుడ్డ రుద్దవద్దు. బ్లేడు వచ్చిన కాగితంలోనే మడిచి డబ్బాలో వేయవచ్చు.

ఒక ఇంటికి ఒక డబ్బా చాలా ఏళ్ళు వస్తుంది. ఏడాదికి 52 బ్లేడ్లే కదా!

డబ్బా నిండాక?

డబ్బా ముప్పావు వంతు నిండితే చాలు. పూర్తిగా కుక్కవద్దు. చీలికను రేకు ముక్కతోగానీ, గట్టి టేపుతోగానీ మూసేయండి. పాత ఇనుము కొనే కొట్టుకు ఇవ్వండి. "ఇందులో బ్లేడ్లు ఉన్నాయి, తెరవవద్దు" అని నోటితో కూడా చెప్పండి. కొట్టు వాళ్ళు తీసుకుంటారా అని ముందే అడగడం మంచిది.

డబ్బా ఇనుమే, బ్లేడూ ఇనుమే. అందుకే కలిపి కరిగించవచ్చు. పాత ఇనుము కొట్టు నుంచి అది ఉక్కు కరిగించే కొలిమికి పోతుంది. అక్కడ కరెంటు కొలిమిలో ఉక్కు నీళ్ళలా కరుగుతుంది. ఆ వేడికి ఏ క్రిమీ బతకదు. కరిగిన ఉక్కును పోత పోసి ఊచలు చేస్తారు. ఇంటి స్లాబులో వేసే ఊచల్లో కొన్ని ఇలా పాత ఇనుముతో చేసినవే. గనిలో తవ్విన రాయి నుంచి కొత్త ఇనుము తీయడం కన్నా దీనికి మొత్తం మీద శక్తి ఖర్చు తక్కువ.

"అయితే విడి బ్లేడు ఇస్తే కొనరా?" అని అడగవచ్చు. విడి బ్లేడు చాలా చిన్నది. చెత్తలో జారిపోతుంది. ఏరేవాళ్ళ చెయ్యి కోస్తుంది. డబ్బాలో కలిసి ఉంటేనే అది పనికొచ్చే ఇనుము.

దీని మీద డబ్బు బాగా వస్తుందా? రాదు. నిజం చెప్పుకోవాలి. మనం వేసిన లెక్కలో 15,600 బ్లేడ్లు ఉన్నాయి. అవన్నీ కలిపినా బరువు సుమారు తొమ్మిది, పది కిలోలే. కానీ మనం చూసేది డబ్బు కాదు. పదిహేను వేల పదును ముక్కలు మన పొలాల్లో పడకుండా ఆపాం. అదే లాభం.

దగ్గరలో పాత ఇనుము కొట్టు లేకపోతే? డబ్బాను పంచాయతీ చెత్త బండి వాళ్ళకు విడిగా, చేతికి ఇవ్వండి. చెత్తలో కలిపి వేయవద్దు. వాడిన సూదులు, సిరంజిలు లాంటివి ప్రమాదకరమైన ఇంటి చెత్త అని, వాటిని విడిగా ఇవ్వాలని 2016లో వచ్చిన చెత్త నిబంధనలు చెప్పాయి. బ్లేడును కూడా అలాగే చూడాలి.

ప్లాస్టిక్ పిడి ఉన్న రేజర్లు ఇప్పుడు ఎక్కువ వాడుతున్నారు. అందులో ప్లాస్టిక్కు, ఉక్కు అంటుకుపోయి ఉంటాయి. వాటిని విడదీయబోతే చెయ్యి తెగుతుంది. కాబట్టి విడదీయవద్దు. దాని టోపీ పెట్టి, మందమైన సీసాలో వేసి, విడిగా ఇవ్వండి. వీటిని కరిగించి మళ్ళీ వాడడం కష్టం. బ్లేడు మార్చుకునే ఇనుప రేజరు కొంటే చెత్త తగ్గుతుంది, ఖర్చూ తగ్గుతుంది.

అక్క ఏం చేసింది?

కథలో అక్క సంగతి చెప్పాలి కదా. వేలు మానింది. కానీ కొస కొంచెం మొద్దుబారింది. సూదిలో దారం ఎక్కించడం ఇప్పుడు కష్టం.

ఒక సాయంత్రం పాలపొడి డబ్బా ముందు పెట్టుకుని కూర్చుంది. మూతకు చీలిక పెట్టించింది. పెయింటు, పుల్ల తీసుకుని డబ్బా మీద రాస్తోంది.

"ఏం రాస్తున్నావే?" అంది అత్త.

"బ్లేడ్లు, తెరవవద్దు అని రాస్తున్నా అత్తా."

"మనింట్లో ఒక డబ్బా పెడితే ఊరంతా బాగుపడుతుందా?"

"ఊరంతా సంగతి తరవాత. మన పెంట మన చేతుల్లో ఉంది కదా."

అత్త కాసేపు ఊరుకుంది. తరవాత లేచి చూర్లో చెయ్యి పెట్టబోయింది. "ఆగు అత్తా!" అని అక్క దీపం తెచ్చింది. వెతికితే చూర్లో మూడు, గోడ పగుల్లో రెండు బ్లేడ్లు దొరికాయి. పట్టకారుతో తీసి డబ్బాలో వేశారు.

తరవాతి వారం పొదుపు సంఘం కూర్చుంది. అక్క తన వేలు చూపించి జరిగింది చెప్పింది. ఎవరూ పెద్దగా వాదించలేదు. ప్రతి ఇంట్లోనూ ఏదో ఒక వేలు తెగిన సంగతి ఉంది. ఊరి సెలూను అతన్ని కూడా పిలిచారు. "అన్నా, నీ దగ్గరే ఎక్కువ బ్లేడ్లు. పెద్ద డబ్బా నువ్వు పెట్టు. నిండాక మా డబ్బాలతో కలిపి పాత ఇనుము కొట్టుకు పంపుదాం" అన్నారు. అతను సరేనన్నాడు. అతని చేతికీ గాట్లు ఉన్నాయి మరి.

ఇవి గుర్తుంచుకోండి

• వాడిన బ్లేడు ఊడ్చే చెత్తలో, పెంటలో, పొయ్యిలో, మరుగుదొడ్డిలో వేయవద్దు.
• చూర్లో, గోడ పగుల్లో దూర్చవద్దు.
• చీలిక ఉన్న ఇనుప డబ్బాలో వేయండి. డబ్బా తెరవవద్దు.
• నిండిన డబ్బాను మూసి, చెప్పి, పాత ఇనుము కొట్టుకు ఇవ్వండి.
• ఒకరి బ్లేడు ఒకరు వాడవద్దు.
• తెగితే సబ్బుతో కడగండి. టీకా సంగతి ఆసుపత్రిలో అడగండి.

చర్చించండి

1. మీ ఇంట్లో వాడిన బ్లేడు ఇప్పుడు ఎక్కడ పడేస్తున్నారు?
2. మీ ఇంటి చెత్త చివరికి ఎవరి చేతికి పోతుంది?
3. ధనుర్వాతం క్రిములు ఎక్కడ ఉంటాయి?
4. మీ ఊళ్ళో ఎన్ని ఇళ్ళు ఉన్నాయి? ఇంటికి వారానికి ఒక బ్లేడు చొప్పున ఏడాదికి ఎన్ని అవుతాయో లెక్క కట్టండి.
5. మీ ఇంటి డబ్బా మీద ఏం రాస్తారు? ఇక్కడ రాసి చూడండి.